నన్ను అడక్కుండా వేసిన చీటీ

నన్ను అడక్కుండా నా ఒంటిని ఒక పరిశోధనలో చేర్చేశారు. నాకు ఏ వైద్యం చెయ్యాలో నేను నిర్ణయించలేదు, డాక్టరూ నిర్ణయించలేదు. చీటీ నిర్ణయించింది. అది మనిషి చేత్తో తీసిన చీటీ కూడా కాదు, కంప్యూటరు తీసింది. నా తరఫున సరే అన్నది నా కొడుకు. ఆ సమయానికి నేను తలుపు బయట బెంచీ మీద కూర్చుని, పూర్తి స్పృహలో, హిందీ పేపరు చదువుకుంటున్నాను.

ఈ మాట ముందే చెప్పేయడానికి కారణం ఉంది. జబ్బు సంగతి ముందు చెప్పి ఇది చివర చెప్పినప్పుడల్లా, వినేవాళ్ళు మధ్యలోనే "పోనీలెండి, ప్రాణం దక్కింది కదా" అని లేచిపోతున్నారు. ప్రాణం దక్కింది. అది నాకూ తెలుసు. అయినా మిగతాది వినండి.

నా పేరు అప్పారావు. బొగ్గు ఇంజన్ల కాలంలో మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ షెడ్డులో పనికి వచ్చాడు. నేను ఇక్కడే రైల్వే క్వార్టరులో పుట్టాను. బడి చదువు ఏడో క్లాసుతో ఆగింది. ఆ తరవాత చదివినదంతా నేను పనిచేసిన సిగ్నల్ కేబిన్‌లో, డ్యూటీలో, ఒక బండికీ ఇంకో బండికీ మధ్య. తెలుగు మా అమ్మ నేర్పింది. హిందీ ఊరు నేర్పింది. ఇంగ్లీషు, రైల్వే రూల్సు పుస్తకం ఒక పక్కా నిఘంటువు ఒక పక్కా పెట్టుకుని నేనే నేర్చుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. "ముసలాయనకి ఇవన్నీ అర్థం కావు" అని తరవాత కొందరు అన్నారు గనక చెబుతున్నాను.

ఆస్పత్రి పేరు రాయను. ఇంకా అక్కడికే వెళ్తున్నాను.

*మార్చి*

అన్నం ముద్ద రొమ్ము మధ్యన ఆగడం మొదలైంది. నీళ్ళు తాగితే దిగేది. కొన్నాళ్ళకి నీళ్ళు కూడా ఆగి ఆగి దిగసాగాయి. మా ఆవిడ సత్యవతి మొదట నవ్వింది.

"రిటైరయిపోయి ఇన్నేళ్ళయినా బండొచ్చీసినట్టు మింగీస్తారేటండీ. కాస్త నమిలి తినండి."

నమిలి తిన్నాను. చారన్నం మెత్తగా పిసికి తిన్నాను. ఆఖరికి చోడి అంబలి, అదే రాగి జావ, తప్ప ఏదీ లోపలికి పోలేదు. చొక్కా నా మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడటం మొదలయ్యాక ఆవిడ నవ్వడం మానేసింది.

రైల్వే ఆస్పత్రిలో గొంతులోంచి దీపమున్న గొట్టం దింపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపి, పెద్ద ఆస్పత్రికి వెళ్ళమని రాసిచ్చారు. మా అబ్బాయి శ్రీను గూడ్సు బళ్ళ మీద గార్డు. డ్యూటీ మార్పించుకుని నన్ను తీసుకెళ్ళాడు. అక్కడ పేరు పిలిచినప్పుడు ఇద్దరం లేచాం. లోపలి నుంచి వచ్చిన మనిషి నన్ను కూర్చోమని, వాణ్ణి మాత్రం తీసుకెళ్ళాడు. జబ్బు నాది, కుర్చీ లోపల వాడిది.

బయటికి వచ్చినప్పుడు వాడి మొహం చూశాను. వాడు నా మొహం చూడకుండా, తాగలేనని తెలిసి కూడా, నాకు టీ కొనుక్కొచ్చాడు.

"పుండు, నాన్న. లోపల పుండు పడింది. కొన్నాళ్ళు మందులేసి, తరవాత చిన్న ఆపరేషను చేసీస్తారట."

వాడి తల వెనక గోడ మీద 'కర్క రోగ విభాగం' అని హిందీలో ఇంత అక్షరాలు. కింద ఇంగ్లీషులో అదే, కేన్సర్ అని. రెండూ నాకు చదవడం వచ్చు. శ్రీనుకి తెలుగు చదవడం రాదు గనక నాకు హిందీ చదవడం రాదనుకున్నాడో ఏమో.

మా వాళ్ళలో ఇదొక పద్ధతి. చిన్న జబ్బైతే అది వచ్చినవాడే వీధంతా చెప్పుకుంటాడు. పెద్ద జబ్బైతే దాని పేరు వాడికి తప్ప అందరికీ తెలుస్తుంది. మేనత్తకి తెలుస్తుంది, విశాఖపట్నంలో ఉన్న వియ్యాలవారికి తెలుస్తుంది, పాలు పోసేవాడికి తెలుస్తుంది. ఇంట్లో అందరూ 'అది' అంటారు. రోగి గదిలోకి వస్తే 'పుండు' అంటారు. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. సత్యవతి కళ్ళు వాచి ఉండేవి. ఉల్లిపాయలు తరిగానండీ అనేది. నాకు అంబలి తప్ప దిగని ఇంట్లో రోజూ అన్ని ఉల్లిపాయలు ఎవరికి తరిగిందో నేను అడగలేదు. ఆవిడ మోస్తున్న అబద్ధం ఆవిడకే బరువుగా ఉంది, నేను కూడా దాని మీద ఎక్కి కూర్చోవడం ఎందుకని ఊరుకున్నాను.

*ఏప్రిల్ నుంచి జూన్ దాకా*

మందు ఎక్కించేది పెద్ద హాల్లో. వరసగా కుర్చీలు, కుర్చీకో సీసా. మందు గురించి నాకు తెలిసింది ఇంతే: నోట్లో తుప్పు రుచి వస్తుంది. స్టీలు గ్లాసు ముట్టుకుంటే వేళ్ళలో సూదులు దిగుతాయి. మూడో రోజుకి మనిషన్నవాడి వాసన ఏదీ పడదు, కట్టుకున్న పెళ్ళాం వాసన కూడా. ఆ సంగతి ఆవిడకి చెప్పలేక మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. ఆవిడ వేరేలా అనుకునేది.

మందు ముందు ఎదురుచూపు ఉంటుంది, అది మందుకంటే కష్టం. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు పరుపుచుట్టలతో నేల మీద. సగం ఫ్యాన్లు తిరగవు. తిరిగే ఫ్యాన్ కింద కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. గోల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం, పేరు సాహు. మొదటి రోజు నన్ను చూసి లేచి తన కుర్చీ ఇచ్చేశాడు. ఆయనదీ నా జబ్బే, ఆయన గొంతూ నా గొంతులాగే బొంగురు. వద్దంటే వినలేదు.

"కూర్చోండి రావ్ సాబ్. మీకు ఇడ్లీ దిగడం లేదు, నాకు చీలా దిగడం లేదు. ఇంక మనిద్దరికీ తేడా ఏముంది?"

ఆ రోజు నుంచి ఎవరు ముందు వస్తే వాళ్ళు రెండోవాడికి కుర్చీ ఆపి ఉంచేవాళ్ళం. ఆయన ఐసు ముక్క నోట్లో వేసుకుని కరగనిస్తే గొంతు తెరుచుకుంటుందని నాకు నేర్పాడు. ఆస్పత్రిలో డాక్టర్లెవరూ ఆ మాట చెప్పలేదు. సత్యవతి పట్టుకొచ్చిన అంబలి ఆయనా తాగాడు. ఇది తాగి మీ మద్రాసీలు రైళ్ళు నడిపారంటే గొప్పే అన్నాడు. మేం మద్రాసు వాళ్ళం కామని ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ ఊళ్ళో చెబుతూనే ఉన్నాను. ఆయనకీ చెప్పాను. అచ్ఛా అచ్ఛా అని మర్నాడు మళ్ళీ మద్రాసీ అన్నాడు.

ఆ హాల్లోనే నేహా అనే అమ్మాయి ఉండేది. చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని వచ్చి, పక్కన స్టూలు వేసుకుని, తీరిగ్గా అడిగేది. ఈ వారం ఏం తిన్నారు అంకుల్, మింగుతుంటే ఎంత నొప్పి, రాత్రి నిద్ర పట్టిందా, దిగులుగా ఉంటోందా. డాక్టర్లు నిలబడి శ్రీనుతో మాట్లాడి వెళ్ళిపోయేవారు. ఈ పిల్ల నాతో మాట్లాడేది. నేను ఏదీ దాచుకోకుండా అన్నీ చెప్పేవాణ్ణి. సత్యవతికి కూడా చెప్పని దిగులు ఆ పిల్లకి చెప్పాను. ఇంటికొచ్చి, "ఆ ఆస్పత్రి మొత్తానికి నన్ను మనిషిలాగ అడిగింది ఆ పిల్ల ఒక్కర్తేనే" అన్నాను. శ్రీను తలొంచుకుని సెల్లు చూసుకున్నాడు.

మే నెల ఎండలో ఒకరోజు సాహూజీ బొత్తాలు విప్పి రొమ్ము చూపించాడు. చర్మం కమిలి నల్లబడి ఉంది. సెకాయీ వల్ల అన్నాడు. మన తెలుగు వాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషను. కింది అంతస్తులో రోజూ పెడుతున్నారట. నాకు పెట్టడం లేదే అన్నాను. రైల్వే కార్డు వాళ్ళకి తక్కువ వైద్యం చేస్తారేమోనని అప్పుడే నాలో అనుమానం కూడా లేచింది.

"మీకెందుకు పెడతారు రావ్ సాబ్? మీరు రెండో గుంపు. మీ చీటీ అలా పడింది."

ఏం చీటీ అన్నాను. ఆయన గొంతు తగ్గించి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఈ జబ్బుకి ఆపరేషనుకి ముందు మందు ఒక్కటీ ఇస్తే మేలా, మందుతో పాటు సెకాయీ కూడా పెడితే మేలా అన్నది వీళ్ళకి తేలలేదట. తేల్చుకోవడానికి సగంమందికి అలా, సగంమందికి ఇలా చేసి, ఎవరు ఎలా ఉన్నారో కొన్నేళ్ళు రాసుకుంటారట. ఎవరు ఏ సగమో కంప్యూటరు చీటీ తీసి చెబుతుంది. నేహా అడిగే ప్రశ్నలు ఆ లెక్కకే.

"మీకు చెప్పలేదా? నన్ను పెద్ద డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఇంటికెళ్ళి ఆలోచించుకు రమ్మంది. ఆలోచించుకునే సరే అన్నాను."

ఎందుకు సరే అన్నారని అడిగాను.

"బిందె అతుకు నిలుస్తుందా లేదా అంటే నీళ్ళు పోసి చూడాలి. ఎవరి బిందెలోనో ఒకరి దాంట్లో పొయ్యాలి కదా. మన తరవాత ఈ కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి తెలుస్తుంది."

నేహా వచ్చింది. అమ్మా, నేనేదైనా పరిశోధనలో ఉన్నానా అని అడిగాను. అబద్ధం ఆడటం చేతకాని పిల్ల.

"మీ అబ్బాయి సైన్ చేశారు కదా అంకుల్. మీకు తెలుసనుకున్నాను."

ఆ రోజు ఆమె ప్రశ్నలకి నేను జవాబు చెప్పలేదు. మింగుతుంటే ఎంత నొప్పి అని అడిగితే పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది ఏమిటంటే, ఆ పిల్ల అడిగిన తీరులో దయ ఉంది. ఆ దయ నా కోసమా, లెక్క కోసమా అని ఇక ఎప్పటికీ తేల్చుకోలేను. దాన్ని కూడా నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు.

ఆటోలో అర్పా నది వంతెన దాటుతుంటే సింహాచలం మామ గుర్తొచ్చాడు. నా కుర్రతనంలో, దేశమంతా నోరు కుట్టేసుకున్న రోజుల్లో, గ్యాంగ్‌మెన్లని కొందరిని టార్పాలిన్ కప్పిన లారీలో ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించి తెచ్చి దింపేశారు. మా పక్క క్వార్టరు సింహాచలం మామ అలా వెళ్ళొచ్చినవాడే. ఎన్నో ఏళ్ళ తరవాత కూడా, కోసినందుకు కాదురా, ఒక్క మాట అడగలేదు చూడు, అంటూండేవాడు. కోత కంటే అడగకపోవడం పెద్దదా అని అప్పట్లో నాకు విడ్డూరంగా ఉండేది.

ఇంటికొచ్చాక శ్రీనుని పిలిచాను. సత్యవతి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎవుల్నడిగి సరే అన్నావురా?"

"ఏటి నాన్న, దేనికి?"

"దేనికో నీకు తెలుసు. కేన్సరన్న ముక్క కూడా నాకు తెలుసు. మొదటి రోజే బోర్డు చదివీసేను."

సత్యవతి గుమ్మం పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళ ఉల్లిపాయలూ ఒక్కసారి ఏడ్చింది. శ్రీను గోడకి చెప్పినట్టు చెప్పాడు. లోపల డాక్టరమ్మ, ముందు మీ నాన్నగారితో మాట్లాడాలి అనే అందట. వీడే వద్దన్నాడట. పేరు తెలిస్తే ఆయన తిండి మానేస్తారు, ఉన్న నాలుగు రోజులూ ఉండరు అన్నాడట. అయితే మీరే చెయ్యండి అని కాగితాలు వీడి ముందు పెట్టారట.

"మత్లబ్, నీకు తెలీకూడదని, నాన్న. తెలిస్తే టెన్షన్ పడతావని. రెండూ మంచి ట్రీట్‌మెంటే అన్నారు, ఏదొచ్చినా పరవాలేదన్నారు."

"నాకు తెలుసురా."

"తెలుసని మరి నువ్వు చెప్పలేదేటి?"

"మీరు చెప్పలేదు గనక."

కేబిన్‌లో ఉన్నన్నాళ్ళూ, ముందు స్టేషనువాడు లైన్ క్లియర్ ఇస్తే తప్ప నేను బండి వదల్లేదు. అవతలివాడు సరే అనేదాకా ఎంత పెద్ద బండైనా వానలో నిలబడాల్సిందే, డ్రైవరు ఎన్ని తిట్టినా సరే. శ్రీను గార్డు, వాడికి నేను చెప్పనక్కర్లేదు.

"నీ బండి ముందు స్టేషను సరే అనకుండా కదుల్తాదేట్రా?"

"అది బండి, నాన్న."

"ఇది నేను."

వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. చలి మొదలయ్యేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. సత్యవతి మా ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. మందుల వేళ చెప్పమని వాడు ఆవిడకి చెబితే, విన్నానని చెప్పమని నేను ఆవిడకి చెప్పేవాణ్ణి. వాడున్నది నాలుగడుగుల దూరంలో.

*జులై*

మరి ఆపరేషనుకి ఎందుకెళ్ళావు అని మీరు అడగొచ్చు. ఆకలికి వెళ్ళాను. కోపం గొంతులోంచి దిగుతుంది, గంజి దిగదు. ఇంకో ఊరు పోదామంటే ఒంట్లో ఓపిక లేదు, మందు సగంలో ఉంది. ఆ చేతుల్లోనే పడుకోవాలి. నన్ను అడగని మనిషి కత్తి కింద నేను నా అంతట నేనే పడుకున్నాను. ఈ అవమానం గురించి ఎవరూ రాయగా నేను చదవలేదు.

ఆపరేషనుకి మాత్రం నా సంతకమే కావాలన్నాను. డాక్టరమ్మ వచ్చి, కోత ఎక్కడి నుంచి ఎక్కడికో బొమ్మ గీసి చూపించింది. బాగా చెప్పింది. అంత బాగా చెప్పగల మనిషి మార్చిలో ఎందుకు చెప్పలేదని నాకు ఇంకా మండింది. ఆ మాటే అడిగాను. తరవాత మాట్లాడదాం, ముందు మీరు బాగవ్వండి అంది.

ఆ తరవాతి రోజులు నాకు తునకలు తునకలుగా గుర్తున్నాయి. ముక్కులో ఒక గొట్టం, పక్కటెముకల్లో ఒకటి, కడుపులో ఒకటి. దాహం. నీళ్ళ చుక్క ఇవ్వరు. వార్డులో ఆయా ఒకామె దూది తడిపి పెదాలకి అద్దేది. "కకా, ఊపిరి లాగు. ఇంకొంచెం లాగు. నీ రైలు కూత పెట్టినట్టు లాగు" అని ఛత్తీస్‌గఢీలో బతిమాలేది. ఆమె పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది. శ్రీను డ్యూటీ దిగి, తెల్ల యూనిఫారంతోనే వచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టేవాడు. మాట్లాడేవాడు కాదు. నేనూ కళ్ళు తెరిచేవాణ్ణి కాదు. వాడు కాళ్ళు పడుతున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసని వాడికి తెలుసు. అక్కడితో సరిపెట్టుకున్నాం.

నా తరవాత కొన్నాళ్ళకే సాహూజీకి ఆపరేషను. వీల్‌చెయిర్‌లో నా మంచం పక్క నుంచి వెళ్తూ, కుర్చీ ఆపి ఉంచండి రావ్ సాబ్ అన్నాడు. లోపల కుట్టిన చోట అతకలేదట, చీము పట్టిందట. ఐసీయూ అద్దాల గదిలోకి మార్చారు. నన్ను ఇంటికి పంపేటప్పుడు చూస్తానంటే లోపలికి రానివ్వలేదు.

*దసరా తరవాత*

నేను మెత్తటి అన్నం తినడం మొదలుపెట్టాక, చేతికర్ర పట్టుకుని గోల్ బజార్ వెళ్ళాను. దుకాణం తెరిచే ఉంది. గద్దె మీద ఆయన పెద్దకొడుకు గుండుతో కూర్చుని ఉన్నాడు. అడగక్కర్లేకపోయింది. నన్ను గుర్తుపట్టి లేచి, తండ్రి కూర్చునే చోట కూర్చోబెట్టాడు. ఆఖరి రోజుల్లో కూడా మద్రాసీ మిత్రుడు మింగుతున్నాడా అని అడిగేవాడట. దిగుతోందని ఎవరో చెబితే సంతోషపడ్డాడట.

ఆయన్ని అడిగారు. ఆయన ఆలోచించుకుని సరే అన్నాడు. ఆయన లేడు. నన్ను అడగలేదు. నేను చారన్నం తింటున్నాను. ఇందులో ఎవరి తప్పు ఎంతో నేను తూచలేను. సెకాయీ వల్లే ఆయన పోయాడని నేను అనడం లేదు. ఒక్క మనిషి పోయినంత మాత్రాన ఏదీ తేలదని నాకు తెలుసు. అది తేల్చుకోవడానికే కదా ఇంతమందిని రెండు గుంపులు చేసింది. కానీ చీటీ తారుమారై ఉంటే ఆ గద్దె మీద ఆయనా, మా ఇంటి గోడ మీద దండ వేసిన పటంలో నేనూ ఉండేవాళ్ళమేమో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆస్పత్రిలో ఇలాంటి పరిశోధనల మంచి చెడ్డలు చూడటానికి ఒక కమిటీ ఉంటుంది. దానికి హిందీలో రాశాను. నేను ఒక్కటే అడిగాను: నన్ను ఎందుకు అడగలేదు? మనిషి స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకోగలిగితే అతన్నే అడగాలన్నది వాళ్ళ రూలే. చాలాకాలం తరవాత రెండు వాక్యాలు వచ్చాయి. కుటుంబం కోరిక మేరకు అనుమతి తీసుకున్నాం, అన్నీ సక్రమంగా ఉన్నాయి, మీ ఆరోగ్యం కుదుటపడినందుకు సంతోషం అని.

ఓపీలో ఒక కుర్ర డాక్టరుని అడిగాను. మీ వయసువాళ్ళు కంగారుపడతారు బాబూజీ అన్నాడు. శ్రీను, నీ మీద ప్రేమతో అంటాడు. మా తోడల్లుడు ఫోనులో, బతికి బట్టకట్టావు, ఇంకా ఈ రంధి ఎందుకంటాడు. అందరి జవాబులూ నా మంచి కోరినవే. నా భయం, నా వయసు, నా ఆకలి, నా ప్రాణం. ఒక్కరి జవాబులోనూ వాళ్ళ సంగతి లేదు. అడగనివాళ్ళు వాళ్ళు. మరి కారణం వాళ్ళ దగ్గర ఉండాలి గానీ నా దగ్గర ఎందుకుంటుంది?

ఈలోగా నేహా ఫోన్లు చేసేది. అంకుల్, చెకప్‌కి వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలున్నాయి. నేను పెట్టేసేవాణ్ణి. ఒకసారి మాత్రం ఆ పిల్ల, పెట్టేయకండి, ఒక్క మాట వినండి అంది. మీకు ఇష్టం లేకపోతే పరిశోధనలోంచి తప్పుకోవచ్చు. మీ పేరు తీసేస్తారు. మీ వైద్యం ఆగదు. ఇది మీ హక్కు, నేను చెప్పానని చెప్పకండి అంది.

చెప్పొద్దూ, ఆ రోజు నాకు పండగలా అనిపించింది. నా ఒళ్ళు నా చేతికి తిరిగొచ్చింది. తీసేయండి అని ఒక్క మాట అంటే చాలు. సత్యవతికి చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి అడిగింది.

"మీరు తీయించీసుకుంటే సాహు గారిదేటవుతాదండీ?"

ఆయనదేమవుతుంది, ఆయనది అలాగే ఉంటుంది అన్నాను. ఆవిడ మళ్ళీ చేట అందుకుని బియ్యం ఏరుకుంది. కానీ ఆ ప్రశ్న నా పక్కలో పడుకుంది. ఆయన పేరు ఒక పళ్ళెంలో ఉంది, నాది ఇంకో పళ్ళెంలో. నాది తీసేస్తే ఆయన్ని దేనితో తూస్తారు? వెనక వచ్చే వాళ్ళకి తెలియాలని ఆయన ఒళ్ళిచ్చాడు. నా కోపం తీర్చుకోవడానికి ఆయన ఇచ్చినదాన్ని నేను చెడగొట్టొచ్చా? పోనీ ఉండిపోతే, నన్ను అడగకపోయినా పరవాలేదని నేనే ఒప్పుకున్నట్టు కాదా? శీతాకాలమంతా ఇదే. పోట్లాడటానికి ఎవరూ దొరక్క నాతో నేనే పోట్లాడాను. శ్రీనుతో మాత్రం మాటలు కలిశాయి. వాడొకరోజు, ఉండాలో వద్దో నువ్వే చెప్పు నాన్న, ఈసారి నేను నోరెత్తను అన్నాడు. వాడు అంతకంటే ఎక్కువ చెప్పలేడు. నాకూ అది చాలు.

*ఫిబ్రవరి*

చెకప్ రోజు డాక్టరమ్మ గదిలోకి ఒక్కణ్ణే వెళ్ళాను. శ్రీను బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె ఫిల్ములు వెలుతురుకి పట్టి చూసి, శుభ్రంగా ఉంది అంది. పలకతో నేహా మూలన నిలబడింది.

నేను పరిశోధనలో ఉంటాను అన్నాను. సాహూజీ కోసం ఉంటాను. ఈ పిల్ల అడిగినవాటికల్లా జవాబు చెబుతాను. కానీ ముందు నాకొక జవాబు కావాలి. నా వయసు గురించీ నా భయం గురించీ నాకు చెప్పొద్దు, అవి నాకు తెలుసు. నా కొడుకు గురించి చెప్పొద్దు, వాడితో నేను మాట్లాడుకున్నాను. మీ సంగతి చెప్పండి. మీరు నన్ను ఎందుకు అడగలేదు?

నేహాని బయటికి వెళ్ళమంటుందనుకున్నాను. అనలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె హిందీలో అన్నది, నేను తెలుగులో రాస్తున్నాను.

"మీ అబ్బాయి చెప్పొద్దన్నారు, అది నిజం. ఆ మాట చాటున ఉండిపోవడం నాకు తేలికైంది. మిమ్మల్ని అడగాలంటే జబ్బు పేరు చెప్పాలి. చెబితే మీరు భయపడతారని కాదు నేను ఊరుకున్నది. చెబితే మీరు కాదంటారేమోనని. ఆ నెలలో పరిశోధనలో చేర్చడానికి మాకు మనుషులు తక్కువ పడ్డారు. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు."